టెండెన్సీయా, ప్రొపెన్సిటీయా, పెన్షాంటా? మొగ్గును చెప్పే ఇంగ్లిష్ మాటల్లో ఏది ఎక్కడ వాడాలి

ఒక సిఫారసు లేఖలో ఈ వాక్యం ఉందనుకోండి: "షి హాజ్ ఎ ప్రోక్లివిటీ ఫర్ హార్డ్ వర్క్." వ్యాకరణం సరిగ్గానే ఉంది. డిక్షనరీ తెరిచి చూసినా ప్రోక్లివిటీ అంటే సహజమైన మొగ్గు అనే ఉంటుంది. అయినా ఇంగ్లిష్ బాగా చదివే అలవాటున్నవాళ్లు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగిపోతారు. జూదం, తాగుడు, పదిమందిలో చెప్పుకోలేని సరదాలు, వీటి పక్కన కనిపించే మాట కష్టపడి పనిచేసే గుణం పక్కన ఏం చేస్తోందని.

థెసారస్‌లతో, అంటే పర్యాయపదాల నిఘంటువులతో, వచ్చే చిక్కే ఇది. టెండెన్సీ, ఇంక్లినేషన్, ప్రొపెన్సిటీ, ప్రోక్లివిటీ, పెన్షాంట్, ప్రిడిలెక్షన్, బెంట్, బయాస్ అని అన్నిటినీ ఒకే వరుసలో పెట్టేస్తాయి. ఏదో ఒకటి తీసి వాడితే సరిపోతుందనిపిస్తుంది. నిజానికి వీటిలో ఒకదాని బదులు ఇంకోటి నిశ్చింతగా పెట్టగలిగే సందర్భాలు తక్కువే.

ముందు ఏం చూసుకోవాలి

మొదటి ప్రశ్న: మొగ్గుతున్నది మనిషా, వస్తువా? ఇనుముకు టెండెన్సీ ఉండొచ్చు, పెన్షాంట్ ఉండదు.

రెండోది: అది ఇష్టమా, అలవాటా, లేక జరిగే ప్రమాదమా? తెలుగులో మక్కువ, ధోరణి, ముప్పు అని మూడు వేరు మాటలు వాడే చోట్లివి. ఇంగ్లిష్‌లోనూ అంతే, కాకపోతే సరిహద్దులు అంత స్పష్టంగా కనపడవు.

మూడోది మాట వెనకున్న ధ్వని. మెచ్చుకుంటున్నారా, వంక పెడుతున్నారా, ఏదీ లేకుండా ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారా?

ఈ మూడింటికి జవాబు దొరికితే ఎంపిక దాదాపు అయిపోయినట్టే. నాలుగోది, మాట తర్వాత 'టు' రావాలా 'ఫర్' రావాలా అన్నది. దీనికి తర్కం వెతకడం కంటే గుర్తుపెట్టుకోవడమే సులువు. మాట ఎంత బరువుగా వినిపిస్తుంది అన్నది అయిదోది, అది కొంతవరకు అభిరుచి వ్యవహారం.

ఇక మాటల పుట్టుక సంగతి. వ్యుత్పత్తి తెలిస్తే అర్థం తెలిసిపోతుందని కొందరంటారు. నేను అంత దూరం వెళ్లను. మాటలో దాగిన బొమ్మ కంటికి కట్టి, ఒకదానితో ఇంకోటి కలిసిపోకుండా గుర్తుంటుంది. వ్యుత్పత్తి వల్ల లాభం అంతవరకే. ఈ రోజు ఆ మాట మంచికి వాడుతున్నారా చెడుకా అన్నది పుట్టుక చెప్పదు, వాడుకే చెబుతుంది. దీనికి రుజువు ఈ జాబితాలోనే ఉంది, కాసేపట్లో వస్తుంది.

టెండెన్సీ: సాగిన తాడు

లాటిన్‌లో 'తెందెరె' అంటే సాగదీయడం, చాచడం. గుడ్డను చాచి కడితే టెంట్, నరాలు బిగిస్తే టెన్షన్. ఇంకా వెనక్కి వెళితే ఇది మనకు దూరపు చుట్టమే. సంస్కృతంలో సాగదీయడం అనే అర్థమున్న 'తన్' ధాతువు, ఈ లాటిన్ మాట ఒకే మూలం నుంచి వచ్చాయి. తంతువు, తంత్రి ఆ ధాతువు నుంచి పుట్టినవే. సాగదీస్తే సన్నబడుతుంది కాబట్టి ఇంగ్లిష్ 'థిన్' కూడా ఈ కుటుంబంలోదే.

తాడును ఒక వైపుకి లాగి కడితే దానికి దిక్కు ఉంటుంది, కోరిక ఉండదు. టెండెన్సీ కూడా అచ్చం అలాంటిదే. అందుకే మనిషికీ వస్తువుకీ సంఖ్యలకీ అన్నిటికీ సరిపోతుంది. స్టాటిస్టిక్స్‌లో సగటు, మధ్యగతం వంటివాటిని కలిపి సెంట్రల్ టెండెన్సీ కొలతలు అంటారు. అక్కడ ఎవరి ఇష్టమూ లేదు, అంకెలు ఏ చుట్టుపక్కల పోగవుతున్నాయన్నదే లెక్క.

ఒక్క షరతు ఉంది. టెండెన్సీ అనాలంటే ఆ పని పదే పదే జరగాలి. ఒక్కసారి ఆలస్యంగా వచ్చినవాడికి ఆలస్యంగా వచ్చే టెండెన్సీ ఉందనడం అన్యాయం.

రాసేటప్పుడు నామవాచకం కంటే క్రియ వాడితే వాక్యం తేలికవుతుంది. "హి హాజ్ ఎ టెండెన్సీ టు ఎగ్జాజరేట్" కంటే "హి టెండ్స్ టు ఎగ్జాజరేట్" నయం. రెండింటికీ అర్థం ఒకటే, మాటలు తక్కువ.

ట్రెండ్ దీనికి తోబుట్టువులా వినిపిస్తుంది గానీ ఏ సంబంధమూ లేదు. అది పాత ఇంగ్లిష్‌లో దొర్లడం, తిరగడం అనే అర్థమున్న మాట. మొదట్లో నది ఎటు తిరిగింది, తీరం ఎటు సాగింది అని చెప్పడానికి వాడేవారు. ఇప్పుడు కాలంతో పాటు మారుతున్నదానికి ట్రెండ్ అంటున్నాం. మారకుండా ఉన్న స్వభావానికి టెండెన్సీ అనాలి. ఇంకో జాగ్రత్త: టెండెన్షస్ అనే విశేషణం టెండెన్సీ అంత అమాయకమైనది కాదు. ఏకపక్షంగా, ఒక వాదాన్ని రుద్దడానికే రాసిన రాతను అలా అంటారు.

ఇంక్లినేషన్: వాలిన మనసు

దీని మూలం లాటిన్ 'క్లినారె', అంటే వంచడం, వాల్చడం. రిక్లైన్, డిక్లైన్ అందులోంచి వచ్చాయి. ఇదే మూలం నుంచి గ్రీకులోకి వెళ్లిన మాటలు ఇంకా సరదాగా ఉంటాయి. నడుం వాల్చే మంచం 'క్లినే', మంచం పట్టినవాళ్లను చూసే వైద్యం నుంచి క్లినిక్ వచ్చింది. వాలు అనే అర్థమున్న 'క్లిమ' నుంచి క్లైమేట్ వచ్చింది. భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు నేల వాలుతుందని ఊహించి, ఆ వాలును బట్టి పట్టీలుగా విభజించారు పాతకాలపు గ్రీకులు. గోడకు వాల్చే నిచ్చెన 'క్లిమక్స్', మెట్టు మెట్టుగా పైకెక్కే కథకు క్లైమాక్స్ అక్కడి నుంచే. ఇంగ్లిష్‌లోని 'లీన్' కూడా వీళ్ల బంధువే. సంస్కృతంలో ఇదే మూలం 'శ్రి' ధాతువుగా ఉంది. ఒకరి మీద ఆనుకోవడమే ఆశ్రయం, ఆనుకున్నవాడు ఆశ్రితుడు.

వాడుకలో ఇంక్లినేషన్ మనసులోని మెత్తటి మొగ్గు. పని జరగాలనేం లేదు. టెండెన్సీతో దీనికున్న తేడా ఒక్క మనిషిలోనే చూపించొచ్చు. ఎవరైనా సాయం అడిగితే కుదరదు అనాలనిపించి, చివరికి ప్రతిసారీ సరే అనేసే మనిషి ఉన్నాడనుకోండి. అతని ఇంక్లినేషన్ కుదరదనడానికి, టెండెన్సీ సరే అనడానికి. ఒకటి లోపల ఉంది, ఇంకోటి బయట కనిపిస్తోంది. ఈ రెండు మాటల్ని తారుమారు చేసి చూడండి, వాక్యం అబద్ధమైపోతుంది.

మర్యాదగా అభిప్రాయం చెప్పడానికి ఇంక్లైన్డ్ చాలా పనికొస్తుంది. "ఐ యామ్ ఇంక్లైన్డ్ టు అగ్రీ" అంటే ఒప్పుకుంటున్నానని, కానీ తలుపు ఇంకా వేసెయ్యలేదని. ఆఫీసు ఈమెయిళ్లలో ఇంత సౌకర్యమైన మాట తక్కువ.

అసలు అర్థం, అంటే కోణం, సైన్సులో ఇంకా బతికే ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కక్ష్య భూమధ్యరేఖకు సుమారు 51.6 డిగ్రీల ఇంక్లినేషన్‌లో ఉంటుంది.

ప్రొపెన్సిటీ, ప్రోక్లివిటీ: జనం ఎక్కువ తికమకపడే జంట

ప్రొపెన్సిటీలో ఉన్నది 'పెందెరె', వేలాడటం. పెండ్యులమ్, పెండెంట్, డిపెండ్ అన్నీ అందులోంచి వేలాడుతున్నవే. ముందుకు వేలాడుతున్నది తూలి పడటానికి సిద్ధంగా ఉంటుంది కదా, అందుకే ఇందులో బలం ఎక్కువ. లోపలి నుంచి తోసుకొచ్చే, సులభంగా ఆపలేని మొగ్గు.

అర్థశాస్త్రంలో దీనికి గౌరవం ఉంది. ఒక వస్తువు ఇచ్చి ఇంకోటి పుచ్చుకునే గుణం మనిషి స్వభావంలోనే ఉందని చెప్పడానికి ఆడమ్ స్మిత్ 1776లో ఈ మాటే వాడాడు. 1936లో జాన్ మేనార్డ్ కీన్స్ 'ప్రొపెన్సిటీ టు కన్జ్యూమ్' అనే భావనను తన సిద్ధాంతానికి ఇరుసుగా చేసుకున్నాడు. ఆదాయం పెరిగితే ఆ పెరిగినదాంట్లో ఎంత భాగం ఖర్చుకు పోతుందన్నది మార్జినల్ ప్రొపెన్సిటీ. 100 అదనంగా వచ్చి అందులో 80 ఖర్చయితే అది 0.8. స్టాటిస్టిక్స్‌లో 1983 నుంచి ప్రొపెన్సిటీ స్కోర్ ఉంది, అంటే ఒక మనిషికి ఫలానా చికిత్స లాంటిది అందే అవకాశం ఎంతో చెప్పే అంకె. ఇలాంటి చోట్ల మాటకు మంచీ చెడూ లేవు.

పాఠ్యపుస్తకం దాటి బయటికొస్తే రంగు మారుతుంది. మామూలు రాతల్లో ప్రొపెన్సిటీ తర్వాత హింస, అబద్ధం, గొడవ వంటివి రావడం ఎక్కువ. కోర్టుల భాషలో ప్రొపెన్సిటీ ఎవిడెన్స్ అంటే, ఇతను ఇలాంటివాడే కాబట్టి ఇదీ చేసుంటాడు అని చూపించే సాక్ష్యం. తర్వాత క్రియ వస్తే 'టు', నామవాచకం వస్తే 'ఫర్' పెట్టండి.

ప్రోక్లివిటీలో ఉన్నది 'క్లివుస్', కొండవాలు. ముందుకు దిగే వాలు కాబట్టి కాలు పెడితే జారడమే. ఇందాక రుజువు ఉందన్నాను కదా, అది ఇక్కడుంది: ఈ క్లివుస్, ఇంక్లినేషన్‌లోని క్లినారె ఒకే వేరు నుంచి మొలిచాయి. అయినా ఇంక్లినేషన్ సభామర్యాద నేర్చుకుంది, ప్రోక్లివిటీ చెడు సావాసం పట్టింది. ఎవరి ప్రోక్లివిటీల గురించైనా రాశారంటే, ముఖ్యంగా బహువచనంలో, చదివేవాళ్లు పడకగది వ్యవహారాలే ఊహిస్తారు. మెచ్చుకోలుగా వాడినవాళ్లు లేకపోలేదు, డిక్షనరీలు వాళ్లను తప్పుపట్టవు కూడా. అయినా కనుబొమ్మ ఎగరేయాలనుకున్నప్పుడే దీన్ని వాడమని నా సలహా.

పెన్షాంట్, ప్రిడిలెక్షన్: ఇష్టాల మాటలు

రెండూ మనుషులకే. రెండింటి తర్వాతా 'ఫర్' మాత్రమే, 'టు' పెట్టి క్రియ రాస్తే తప్పు.

పెన్షాంట్ ఫ్రెంచ్ నుంచి అలాగే దిగుమతైంది. ఫ్రెంచ్‌లో 'పాన్షే' అంటే ఒరగడం, దాని వెనక ఉన్నది మళ్లీ లాటిన్ వేలాడటమే, అంటే ప్రొపెన్సిటీకి వరసకు చెల్లెలు. అమెరికన్లు పెంచంట్ అంటారు, బ్రిటిష్‌వాళ్లు చాలామంది ముక్కుతో ఫ్రెంచ్ ఫక్కీలో పాన్షాన్ అన్నట్టు పలుకుతారు. ఏది పలికినా ఇబ్బంది లేదు. కాస్త చిత్రమైన, చేతల్లో కనిపించే ఇష్టానికి ఇది బాగుంటుంది: "ఎ పెన్షాంట్ ఫర్ లాంగ్ టైటిల్స్". మా ప్రింటర్‌కు సరిగ్గా అవసరమైనప్పుడే ఆగిపోయే పెన్షాంట్ ఉంది అని రాస్తే హాస్యం అవుతుంది. హాస్యం వద్దనుకున్న రిపోర్టులో రాయకండి.

ప్రిడిలెక్షన్‌లో వాలడం, వేలాడటం ఏమీ లేదు. ఏరుకోవడం అనే అర్థమున్న 'లెగెరె' ఉంది. సెలెక్ట్, ఎలెక్ట్, డిలిజెంట్ దాని సంతానమే. ముందు 'ప్రీ' చేరింది కాబట్టి, ఎంచుకునే సమయం రాకముందే మనసు ఎంచేసుకున్నదని. పెన్షాంట్ చేతల్లో తెలుస్తుంది, ప్రిడిలెక్షన్ అభిరుచిలో ఉంటుంది. మాటల్లో ఇది బరువు, వ్యాసాల్లో అందం.

బెంట్: ఎక్కుపెట్టిన విల్లు

బెండ్ అనే మాటకు మొదటి అర్థం విల్లుకు నారి కట్టడం. నారి బిగిస్తే విల్లు వంగుతుంది, దాంతో వంచడమనే అర్థం స్థిరపడింది. బాండ్, బ్యాండ్ దీని బంధువులు, సంస్కృతంలోని బంధం కూడా అదే వేరు. ఎవరికైనా మ్యూజికల్ బెంట్ ఉందంటే ఇష్టంతో పాటు చేతనవడం కూడా కొంత ఉందని. పైన చెప్పిన ఏ మాటకీ ఈ రెండో సగం లేదు.

అయితే పక్కనున్న మాట మారితే ప్రమాదం. "బెంట్ ఆన్" అంటే పట్టుబట్టడం. బ్రిటిష్ యాసలో ఒట్టి "బెంట్" అంటే అవినీతిపరుడు.

బయాస్: నేరుగా విసిరినా పక్కకు పోయే బంతి

ఫ్రెంచ్‌లో ఐమూలను 'బియే' అంటారు. దర్జీలు గుడ్డను ఐమూలగా కత్తిరించడాన్ని బయాస్ కట్ అనడంలో ఆ పాత అర్థం ఇంకా ఉంది.

మనసుకు ఈ మాట అంటింది మాత్రం ఆట నుంచి. పచ్చికలో ఆడే బౌల్స్‌లో బంతి అన్ని వైపులా సమానంగా ఉండదు. ఒకప్పుడు ఒక పక్క బరువు చేర్చి, ఇప్పుడు ఆకారమే అలా మలిచి, దాన్ని ఒక వైపుకి ఒరిగేలా చేస్తారు. ఆ ఒరుగుడునే బయాస్ అంటారు. విసిరిన కొత్తలో బంతి దాదాపు నేరుగానే పోతుంది. వేగం తగ్గే కొద్దీ వంపు ఎక్కువై, చివర్లో చప్పున పక్కకు తిరుగుతుంది. 16వ శతాబ్దంలోనే ఈ ఆట మాటను మనుషుల మనసులకు వాడటం మొదలైంది. ఎందుకో ఆ బంతిని చూస్తే తెలుస్తుంది. విసిరిన చేతిది తప్పేం లేదు, బంతిలోనే ఉంది.

టెండెన్సీకీ బయాస్‌కీ అసలు తేడా ఇదే. బయాస్ అన్నామంటే, అది వెళ్లాల్సిన సరళరేఖ ఒకటుంది, దాన్నుంచి తప్పుకుంది అని చెబుతున్నాం. జడ్జికి, సర్వేకి, కొలిచే పరికరానికి, అల్గారిథమ్‌కి బయాస్ ఉంటుంది, ఎందుకంటే అవి నేరుగా ఉండాలని మనం ఆశిస్తాం. కాఫీ కంటే టీ ఇష్టపడటం బయాస్ కాదు.

ప్రోన్, లయబుల్, ఆప్ట్, లైక్లీ

ఇవి విశేషణాలు. నాలుగూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది.

ప్రోన్ అంటే మొదట ముందుకు వంగిన, బోర్లా పడిన అని. వైద్యులు బోర్లా పడుకోబెట్టడాన్ని ఇప్పటికీ ప్రోన్ పొజిషన్ అంటారు, వెల్లకిలా అయితే సుపైన్. మొగ్గు అర్థంలో వాడితే తర్వాత వచ్చేది చెడే: ప్రమాదాలు, తప్పులు, జబ్బులు. "ప్రోన్ టు సక్సెస్" అని ఎవరూ అనరు.

లయబుల్ బహుశా 'కట్టడం' అనే ఫ్రెంచ్ మాట నుంచి వచ్చిందంటారు. చట్టానికి కట్టుబడినవాడు లయబుల్. అందుకే కాంట్రాక్టుల్లో, నోటీసుల్లో దీన్ని 'జరిగే అవకాశముంది' అనే అర్థంలో వాడకండి. "లయబుల్ టు పే" అని రాస్తే కట్టవచ్చు అని కాదు, కట్టి తీరాలి అని చదువుతారు.

ఆప్ట్ అంటే అతికినట్టు సరిపోయిన. మాటల్లో తేలికగా వాడతారు, మంచీ చెడూ లేదు. లైక్లీకి స్వభావంతో పనే లేదు, ఈసారి జరుగుతుందా లేదా అన్నదే. రేపు వాన పడేట్టుంది అనడానికి లైక్లీ. ఏటా వరదలొచ్చే ప్రాంతానికి ప్రోన్.

ప్రీడిస్పొజిషన్‌కి డాక్టర్ గదిలో చోటుంది: జబ్బు వచ్చే వీలు శరీరంలో ముందే ఉంది, వస్తుందని మాత్రం కాదు.

ఒక చూపులో

| మాట | లోపలి బొమ్మ | ఎవరికి | ధ్వని | తర్వాత |
|---|---|---|---|---|
| టెండెన్సీ | సాగడం | అన్నిటికీ | ఏదీ లేదు | టు |
| ఇంక్లినేషన్ | వాలడం | మనుషులకు, కోణాలకు | మర్యాద | టు, టువర్డ్ |
| ప్రొపెన్సిటీ | ముందుకు వేలాడటం | ఎక్కువగా మనుషులకు | శాస్త్రంలో మామూలు, బయట చెడు | టు, ఫర్ |
| ప్రోక్లివిటీ | దిగువ వాలు | మనుషులకు | ఎక్కువగా చెడు | ఫర్, టువర్డ్ |
| పెన్షాంట్ | ఒరగడం | మనుషులకు | సరదా | ఫర్ |
| ప్రిడిలెక్షన్ | ముందే ఏరుకోవడం | మనుషులకు | పెద్దమనిషి తరహా | ఫర్ |
| బెంట్ | వంగిన విల్లు | మనుషులకు | మెచ్చుకోలు | ఫర్ |
| బయాస్ | పక్కకు తిరిగే బంతి | మనుషులకు, పరికరాలకు | తప్పు ఉందని | టువర్డ్, ఎగైనెస్ట్ |
| ప్రోన్ | బోర్లా పడటం | అన్నిటికీ | చెడు | టు |

మీరు ఎవరైతే ఏది

లేఖలు, ఈమెయిళ్లు రాసేవాళ్లకు టెండ్, ఇంక్లైన్డ్ రెండూ వస్తే చాలు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఈ మాటల జోలికే పోకుండా "షి వర్క్స్ హార్డ్" అని రాసి, కింద ఒక ఉదాహరణ ఇవ్వడం మేలు. మొగ్గు ఉందనడం కంటే పని చేసిందనడం బలంగా ఉంటుంది.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఎక్కువ మార్కులు పోయేది అర్థం దగ్గర కాదు, ప్రిపొజిషన్ దగ్గర. పట్టికలో చివరి నిలువు వరుసను ముందు బట్టీ పట్టండి. ఖాళీలు పూరించే ప్రశ్నలో ఖాళీ తర్వాత 'టు' ఉండి క్రియ ఉంటే పెన్షాంట్, ప్రిడిలెక్షన్ రెండూ వెంటనే కొట్టేయొచ్చు. తర్వాత వచ్చేది జబ్బో తప్పో అయితే ప్రోన్ వైపు చూడండి.

పరిశోధన రాసేవాళ్లకు స్వేచ్ఛ తక్కువ. ప్రొపెన్సిటీ, బయాస్, ట్రెండ్ మూడూ మీ రంగంలో నిర్వచనమున్న పదాలు కావచ్చు. అందం కోసం ఒకదాని బదులు ఇంకోటి మారిస్తే రివ్యూ చేసేవాళ్లు కొత్త విషయమేదో చెప్పారనుకుంటారు. ఒకే మాట పది సార్లు వచ్చినా ఫర్వాలేదు.

అనువాదకుల పని అన్నిటికంటే కష్టం. టెండెన్సీకి ధోరణి, ఇంక్లినేషన్‌కి మొగ్గు, పెన్షాంట్‌కి మక్కువ, ప్రొపెన్సిటీకి ప్రవృత్తి చాలా చోట్ల కుదురుతాయి. ప్రోక్లివిటీకి ఒక్క మాట వెతకొద్దు, 'బుద్ధి' లాంటిది పెట్టి వాక్యం మొత్తం మీద ఆ వెటకారం రప్పించాలి. బయాస్ దగ్గర మాత్రం తొందరపడకండి. జడ్జికి పక్షపాతం అంటే సరిపోతుంది. వేయింగ్ మెషీన్ ప్రతిసారీ రెండు గ్రాములు ఎక్కువ చూపిస్తే దానికి పక్షపాతం అంటగట్టలేం. అక్కడ 'ఎప్పుడూ ఒకే వైపుకి వచ్చే తేడా' అని విడమరిచి రాయడమో, బయాస్ అనే ఉంచేయడమో చేయాలి.